మాట పడిపోయిన వారికి తోడు కావాలి

పక్షవాతం వచ్చిన మనిషికి కాలూ చేయీ ఆడేలా వ్యాయామం చేయించాలని అందరికీ తెలుసు. పడిపోయిన మాటకూ సాధన ఉందని తెలిసినవారు తక్కువ. మాట పోతే మతి కూడా పోయిందని చాలా ఇళ్లలో అనుకుంటారు. రోగి ఎదుటే ఆయన ఖర్చుల సంగతీ, ఆస్తి సంగతీ మాట్లాడేస్తారు. తెలివి ఉండీ జవాబు చెప్పలేని ఆ మనిషి బాధ ఎవరికి తెలుస్తుంది?

'తాన్' అన్న ఒక్క శబ్దమే పలకగలిగిన రోగి మెదడును 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే వైద్యుడు అతని మరణానంతరం పరిశీలించి, మాటకు మెదడు ముందుభాగంతో ఉన్న సంబంధాన్ని చూపాడు. చాలామందిలో మాట ఎడమ మెదడు పని. ఆ ఎడమ మెదడే కుడి చేతినీ కాలినీ నడుపుతుంది. అందుకే కుడివైపు పడిపోయినవారికి మాట పోవడం ఎక్కువ.

ఆసుపత్రిలో స్పీచ్ థెరపిస్టు రోగిని పరీక్షించి, లోపం తేల్చి, ఏం చేయించాలో నిర్ణయిస్తారు. దాన్ని ఓపికగా చేయించేవారు సహాయకులు. బొమ్మ చూపి పేరు చెప్పిస్తారు, అద్దం ముందు పెదవులు కదిలింపజేస్తారు, వచ్చినదీ రానిదీ రాసిపెట్టి థెరపిస్టుకు చెబుతారు. చికిత్సను సొంతంగా మార్చే అధికారం వారికి లేదు.

దాహమైతే 'నీళ్లు' అనలేని మనిషి ఒకటి నుంచి పది వరకు గడగడా చెప్పేయవచ్చు. సలాముకు బదులు పలకవచ్చు. చిన్ననాడు కంఠస్థం చేసిన సూరా నోట రావచ్చు. ఇది చూసి, మిగతావి కావాలనే మాట్లాడటం లేదని కోప్పడరాదు. అలవాటుగా వచ్చే మాట వేరు, వెతికి కూర్చుకునే మాట వేరు.

మన ఇళ్లలో ఉర్దూ, బజారులో తెలుగు. రెండు భాషలూ ఒకేలా దెబ్బతినకపోవచ్చు, ఒకేలా తిరిగి రాకపోవచ్చు. 'తాళంచెవి' అనలేని పెద్దాయన 'చాబీ' అనగలరేమో! ఇంటి భాష ఏదో మొదటిరోజే ఆసుపత్రిలో చెప్పాలి. రెండూ తెలిసిన సహాయకులుంటే రోగికి ఎంత మేలు!

ఇంకొక సంగతి. పొలమారితే ఎవరో తలచుకుంటున్నారని నెత్తిన తట్టడం మనకు అలవాటు. పక్షవాతం రోగికి అది హెచ్చరిక. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా రావచ్చు. థెరపిస్టు చూసి చెప్పేదాకా ప్రేమకొద్దీ చాయ్ తాగించరాదు.

ఈ విద్యకు దేశంలో సంస్థలున్నాయి. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ 1965 నాటిది. హైదరాబాదీ అయిన నవాబ్ అలీ యావర్ జంగ్ పేరిట 1983లో ముంబైలో ఏర్పడిన జాతీయ సంస్థకు సికింద్రాబాద్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. చేరేముందు ఆ కోర్సుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూసుకోవాలి. పరాయి మగవారి ముందు నోరు తెరవడానికి బిడియపడే తల్లులకు, మన అమ్మాయిలు ఈ పనిలోకి వస్తే పెద్ద ఊరట.

మొదటి కొన్ని నెలల్లో మెరుగుదల వేగంగా ఉంటుంది, ఆ తరువాతా ఆగిపోదు. ఇంటివారు చిన్న మాటల్లో నెమ్మదిగా అడగాలి. అరవనక్కర్లేదు, పోయింది వినికిడి కాదు. జవాబు వచ్చేదాకా ఆగాలి. వారి మాటను మనమే పూర్తిచేస్తే, వారు పలికేదెప్పుడు?