కెమెరా సరే, వీపు సంగతేంటి?

లక్షలు పోసి కొన్న లెన్సును కొండ మీదికి చేర్చేది సంచే. దాన్ని ఎంచుకునేటప్పుడు మాత్రం చాలామంది కెమెరాను కొలిచి, వీపును మరిచిపోతున్నారు

హిమాచల్‌ప్రదేశ్‌లోని మణిరంగ్ కనుమ 18,000 అడుగులకు పైగా ఎత్తులో ఉంటుంది. బ్రిటిష్ ఫొటోగ్రాఫర్ శామ్యూల్ బోర్న్ 1866లో అక్కడిదాకా వెళ్లి ఫొటోలు తీశాడు. ఆయన వెంట వెళ్లింది కెమెరా ఒక్కటే కాదు. గాజు ప్లేట్లు, రసాయనాల సీసాలు, ప్లేట్లను అప్పటికప్పుడు కడిగేందుకు చీకటి గుడారం, వీటన్నిటినీ మోసే కూలీల బారు కూడా వెళ్లాయి. ఆ తర్వాత కాంచనగంగ చుట్టూ తిరిగిన బృందంతో 1899లో, కె2 పర్వతానికి వెళ్లిన బృందంతో 1909లో హిమాలయ, కారకోరం శ్రేణులను ఫొటోల్లోకెక్కించిన ఇటలీ పర్వతారోహకుడు విత్తోరియో సెల్లా, గాజు ప్లేట్లు పగలకుండా ఉండేందుకు వీపు సంచులను, పశువుల జీనులను తన అవసరానికి తగ్గట్టు మార్చుకున్నాడు.

ఇప్పుడు గాజు ప్లేట్లు లేవు, గుడారం లేదు. చాలామందికి కూలీలూ లేరు. ఆ బారు మోసిన పనంతా ఒక్క మనిషి వీపు మీదికి వచ్చింది. ఆదివారం తెల్లవారుజామున వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలకు బయల్దేరే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అయినా, నేలపట్టులో గూడబాతుల కోసం కాచుకునే కాలేజీ కుర్రాడైనా, మోనాల్ పక్షిని వెతుక్కుంటూ ఉత్తరాఖండ్‌లోని చోప్తా నుంచి తుంగనాథ్‌కు ఎక్కే యాత్రికుడైనా మోసుకునేది తన బరువు తానే. కెమెరా కొనేముందు వీళ్లు నెలల తరబడి ఆరా తీస్తారు. బ్యాగు దగ్గరికొచ్చేసరికి అడిగే ప్రశ్న ఒక్కటే: ‘ఇందులో ఎన్ని లెన్సులు పడతాయి?’ అడగాల్సింది మాత్రం వేరు. ‘ఇది నా వీపుకు సరిపోతుందా?’

ముందు తూకం వేయండి

నికాన్ డి850 కెమెరా బ్యాటరీ, కార్డుతో కలిపి ఒక కిలో ఉంటుంది. అదే సంస్థ 200-500 ఎం.ఎం. లెన్సు 2.3 కిలోలు. ప్రకృతి దృశ్యాల కోసం 24-70 ఎం.ఎం. లెన్సు కూడా వేసుకుంటే మరో కిలో. గట్టి ట్రైపాడ్, దానిపై బిగించే హెడ్ కలిపి మూడున్నర కిలోల దాకా తూగుతాయి. రెండు లీటర్ల నీళ్లంటే రెండు కిలోలు. తిండి, వానకోటు, చిల్లర సామాను మరో కిలో. మందపాటి ఫోముతో చేసిన పెద్ద కెమెరా బ్యాగు ఖాళీగా ఉన్నా రెండు కిలోల దాకా ఉంటుంది. మొత్తం కలిపితే 13 కిలోలకు అటూఇటూ.

రోజంతా నడిచేవారు తమ శరీర బరువులో ఐదో వంతుకు మించి మోయకపోవడం మంచిదన్నది ట్రెకింగ్ చేసేవారిలో వాడుకలో ఉన్న లెక్క. 65 కిలోల మనిషికి అది 13 కిలోలు. 50 కిలోల మహిళకు 10 కిలోలే. అంటే పైన చెప్పిన సరంజామా మొదటి వ్యక్తికి సరిగ్గా హద్దు మీద ఉంది. రెండో వ్యక్తికి హద్దు దాటేసింది. బడి పిల్లల సంచి వారి బరువులో పదో వంతుకు మించకూడదని 2020 నాటి స్కూల్ బ్యాగ్ విధానంలో కేంద్ర ప్రభుత్వం చెప్పింది. అడవిబాట పట్టిన పెద్దలకు అలాంటి సర్క్యులర్ ఏదీ రాదు. ఆ మాట చెప్పేది మోకాళ్లే, అదీ ఆలస్యంగా.

అందుకే బ్యాగు ఎంపిక దుకాణంలో కాదు, ఇంట్లోనే మొదలవ్వాలి. తీసుకెళ్లాలనుకున్న వస్తువులన్నీ మంచం మీద పరిచి, ఒక్కొక్కటీ తూకం వేయాలి. గత మూడు ప్రయాణాల్లో బయటికి తీయని లెన్సు ఏదైనా ఉంటే దాన్ని బీరువాలోనే ఉంచేయాలి. కెమెరా మార్చే ఆలోచన ఉన్నవారికి మరో దారి ఉంది. క్యానన్ ఆర్7 కెమెరా 612 గ్రాములు, దానికి సరిపోయే 100-400 ఎం.ఎం. లెన్సు 635 గ్రాములు. రెండూ కలిపినా కిలోంపావే. పైన చెప్పిన జోడీతో పోలిస్తే రెండు కిలోల ఆదా. అయితే ఇది ఉచితంగా వచ్చే లాభం కాదు. ఆ చిన్న లెన్సు లోనికి రానిచ్చే వెలుగు తక్కువ. దట్టమైన అడవిలో, తెల్లవారుజామున ఆ తేడా ఫొటోలో కనిపిస్తుంది.

తూకం తేలాకే బ్యాగు సైజు తేలుతుంది. అవసరానికి మించి పెద్దది కొంటే అందులో ఖాళీ మిగలదు. ‘ఉంటే మంచిదే కదా’ అనుకున్న వస్తువులు వచ్చి చేరతాయి.

భారం భుజాలపై కాదు

మోసేవాడికి తెలుసు కావడి బరువు అన్నది సామెత. బరువు ఎక్కడ పడాలన్నదీ మోసేవాడికే తెలుసు. నేపాల్ కొండకూలీలు బుట్టను వీపున వేసుకుని, దాని భారాన్ని ‘నామ్లో’ అనే నుదుటి పట్టీకి ఆనించి నడుస్తారు. పురుష కూలీలు సగటున తమ శరీర బరువులో 93 శాతం మోస్తున్నట్టు 2005లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. అది ఏళ్ల తరబడి మోసీ మోసీ అలవాటైన ఒళ్లు. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చునే మనిషికి ఆ దారి పనికిరాదు. ఆయనకు ఉన్న ఆసరా తుంటి ఎముక.

మంచి బ్యాక్‌ప్యాక్ చేసే పని ఇదే. బరువులో ఎక్కువ భాగాన్ని భుజాల నుంచి తప్పించి నడుం బెల్టు ద్వారా తుంటి మీదికి దించుతుంది. అక్కడి నుంచి అది కాళ్లకు చేరుతుంది. చాలా కెమెరా బ్యాగులు తడబడేదీ ఇక్కడే. లోపలి అరలు ముచ్చటగా ఉంటాయి, నడుం బెల్టు మాత్రం ఒక నాడాలా ఉంటుంది. అది బ్యాగు ఊగకుండా పట్టుకుంటుందే తప్ప బరువు మోయదు. మెత్తటి దిండులాంటి వెడల్పాటి బెల్టు, వీపు వెంట గట్టి ఫ్రేము లేకపోతే ఆరేడు కిలోలు దాటిన బరువుకు ఆ బ్యాగు పనికిరాదు.

రెండోది కొలత. మనిషి ఎత్తుకూ వీపు పొడవుకూ నేరుగా సంబంధం లేదు. తల వంచినప్పుడు మెడ వెనక పొడుచుకొచ్చే ఎముక నుంచి, నడుముకు రెండు పక్కలా తగిలే తుంటి ఎముకల పై అంచు ఎత్తు దాకా టేపుతో కొలవాలి. ఆ పొడవుకు సరిపడే బ్యాగు అయితేనే బెల్టు తుంటి మీద కూర్చుంటుంది. పొడవు ఎక్కువైతే బెల్టు పిరుదుల మీదికి జారుతుంది, తక్కువైతే పొట్టను నొక్కుతుంది. ట్రెకింగ్ రుక్‌సాక్‌లు వేర్వేరు వీపు కొలతల్లో దొరుకుతాయి. కెమెరా బ్యాగుల్లో ఎక్కువ భాగం ఒకే కొలతలో వస్తాయి. దీనివల్ల ఎక్కువగా నష్టపోయేది మహిళలే. షిమోడా వంటి కొన్ని సంస్థలు మహిళలకు వేరే భుజం పట్టీలు అమ్ముతున్నాయి. అలాంటివి దొరకని చోట, సరైన కొలత ఉన్న మామూలు ట్రెకింగ్ రుక్‌సాక్ కొని, లోపల ఫోము అరలున్న కెమెరా పెట్టె ఒకటి విడిగా పెట్టుకోవడం మేలు. రెండు మూడు రోజుల నడకకు, దుప్పటి, బట్టలు కూడా మోయాల్సిన చోట అసలు ఇదే సరైన పద్ధతి.

సర్దడంలోనూ లెక్క ఉంది. అన్నిటికన్నా బరువైన లెన్సు వీపుకు ఆనుకుని, మధ్య ఎత్తులో ఉండాలి. అది వెనక్కి జరిగేకొద్దీ మనిషి ముందుకు వంగాల్సి వస్తుంది. ట్రైపాడ్‌ను ఒక పక్క కడితే నీళ్ల సీసా రెండో పక్క ఉండాలి.

ఎటు తెరుచుకోవాలి?

ముందువైపు మూత తెరుచుకునే బ్యాగులో సామాను మొత్తం ఒక్కచూపులో కనిపిస్తుంది. కానీ తెరవాలంటే వీపుకు ఆనే భాగాన్ని నేలకు ఆనించాలి. ఆ బురద తర్వాత చొక్కాకు అంటుతుంది. వీపు వైపు నుంచి తెరుచుకునే రకంలో ఈ బాధ లేదు. పైగా వెనకున్నవారి చేతికి జిప్పు అందదు కాబట్టి జాతరలు, కుంభమేళా వంటి జనసందోహాల్లో భద్రం. పక్కనుంచి తెరుచుకునేవి ఊళ్లో తిరిగేవారికి వేగంగా ఉంటాయి గానీ పెద్ద లెన్సులకు ఇరుకు.

ఏ మూత అయినా ఒక సంగతి మారదు. సంచిలో ఉన్న కెమెరా ఫొటో తీయదు. టిబెట్ రాజధాని లాసాలో 1981లో ఇంద్రధనుస్సు కనిపించగానే, అది పొతాలా భవనం మీద దిగినట్టు కనిపించే చోటు కోసం పరుగెత్తి ఫొటో తీసిన అమెరికా పర్వతారోహకుడు గాలెన్ రోవెల్, తేలికపాటి సామానుతో కొండలెక్కడానికి పేరుపడ్డాడు. 13 కిలోలు వేసుకుని ఆ పరుగు సాధ్యం కాదు. నడిచేటప్పుడు కెమెరా ఛాతీ మీది పౌచ్‌లోనో, భుజం పట్టీకి బిగించే క్లిప్పుకో ఉండాలి. మిగతావి వెనక ఉంటే చాలు. అలాంటి క్లిప్పు పట్టేంత గట్టిగా పట్టీ ఉందా అన్నదీ కొనేముందు చూసుకోవాల్సిన విషయమే.

వాన, దుమ్ము, ఫంగస్

బ్యాగు చీటీ మీద కనిపించే డెనియర్ అంకె దారం మందాన్ని చెబుతుంది. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. అంకె పెరిగేకొద్దీ బట్ట ముళ్లకు, రాళ్లకు తట్టుకుంటుంది, బరువూ పెరుగుతుంది. అంతేగానీ వాన ఆపుతుందని ఆ అంకెకు అర్థం లేదు. నీటిని ఆపేది బట్ట లోపలి పూత. అది ఉన్నా జిప్పులు, కుట్ల దగ్గర నీరు దూరుతుంది.

బ్యాగుతో వచ్చే రెయిన్‌కవర్ ముందువైపే కప్పుతుంది. కర్ణాటకలోని ఆగుంబెలోనో, జులై, ఆగస్టుల్లో ఉత్తరాఖండ్ పూలలోయలోనో గంటల తరబడి వానలో నడిస్తే, నీళ్లు మెడ వెనక నుంచి కారి వీపుకు, బ్యాగుకు మధ్య దిగుతాయి. నమ్మదగ్గ ఉపాయం చౌకైనదే. కెమెరా, లెన్సులను నీరు చొరని డ్రైబ్యాగులో పెట్టి, దాన్ని బ్యాగులో పెట్టుకోవాలి.

వానకన్నా మోసకారి తడిసిన ఫోము. ప్రయాణం నుంచి వచ్చి బ్యాగును అలాగే మూలకు నెడితే ఆ చెమ్మ రోజుల తరబడి లోపలే ఉంటుంది. గాలిలో తేమ 60, 70 శాతం దాటిన చోట లెన్సుకు ఫంగస్ పట్టే ప్రమాదం పెరుగుతుంది. కోస్తా జిల్లాల వారికి ఈ మాట వేరే చెప్పక్కర్లేదు. ఇంటికి రాగానే లెన్సులు బయటికి తీసి, అరలు ఊడదీసి నీడలో ఆరబెట్టాలి. కాబట్టి అరలు సులువుగా ఊడిరాని బ్యాగు ఎంత అందంగా ఉన్నా వద్దనుకోవడమే మంచిది.

గేటు దగ్గర 7 కిలోలు

లేహ్‌కో, గువాహటికో విమానంలో వెళ్లేవారికి మరో తూకం ఎదురవుతుంది. దేశీయ విమానాల ఎకానమీ తరగతిలో చేతి సంచికి సాధారణంగా 7 కిలోలే అనుమతి. రెండు కిలోల ఖాళీ బ్యాగు అందులో దాదాపు మూడో వంతు తినేస్తుంది. ట్రైపాడ్, ఛార్జర్లు, బట్టలు చెక్‌ఇన్ సామానులో వేసి, కెమెరా, లెన్సులు చేతి సంచిలో ఉంచుకోవాలి. విడి లిథియం బ్యాటరీలు, పవర్‌బ్యాంకులు చెక్‌ఇన్ సామానులో పెట్టకూడదు. అవి తప్పనిసరిగా వెంట ఉండాలి. కొనేముందు బ్యాగు పొడవు, వెడల్పు, లోతులను విమానయాన సంస్థ చెప్పే కొలతలతో సరిచూసుకుంటే గేటు దగ్గర గొడవ తప్పుతుంది.

దుకాణంలో అరగంట

ఖాళీ బ్యాగు ఎవరి వీపుకైనా హాయిగానే ఉంటుంది. అందుకే ఇంట్లో తూకం వేసిన సామానంతా దుకాణానికి తీసుకెళ్లాలి. కుదరకపోతే అంత బరువుకు సరిపడా నీళ్ల సీసాలైనా నింపాలి. పట్టీలన్నీ వదులు చేసి, ముందు నడుం బెల్టును తుంటి ఎముక మీద బిగించాలి. తర్వాత భుజం పట్టీలు, చివర ఛాతీ పట్టీ. భుజం పట్టీ కింద వేలు సులువుగా దూరితే బరువు దిగాల్సిన చోటికే దిగినట్టు. అలాగే అరగంట తిరగాలి, మెట్లు ఎక్కి దిగాలి, కిందికి వంగి చెప్పు సరిచేసుకోవాలి. మెడ లాగినా, బెల్టు జారినా ఆ బ్యాగు వద్దు. ఇంటర్నెట్‌లో కొంటే ఇదే పరీక్ష ఇంట్లో చేసి, వాపసు గడువు ముగియకముందే తేల్చుకోవాలి.

ఇంత శ్రమ ఎందుకంటే కొండ మీద మంచి వెలుగు ఉండేది పొద్దున తొలి గంటలో, సాయంత్రం చివరి గంటలో. భుజాలు లాగేసి మధ్యాహ్నమే కిందికి దిగిపోయినవారికి ఆ రెండోది దక్కదు, సంచిలో ఎంత ఖరీదైన లెన్సు ఉన్నా సరే.