పేరు ఆయనది, పద్దులు ఆవిడవి

అమెరికాలో మనవాళ్లు నడిపే చిన్న ఐటీ కన్సల్టెన్సీలు ఎన్నో ఇంట్లోనే మొదలవుతాయి. ఆయన క్లయింట్లతో ఫోన్లో ఉంటాడు. ఆవిడ పిల్లల్ని పడుకోబెట్టి వచ్చి, డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ తెరిచి ఇన్‌వాయిస్‌లు పంపుతుంది, పేరోల్ చూస్తుంది. జీతం ఉండదు. మన కంపెనీయే కదా అనుకుంటారు. పదేళ్లకు విడాకుల దాకా వస్తే, ఆ కంపెనీ ఖరీదెంతో ఇద్దరికీ తెలియదు.

ఇల్లయితే పక్కవీధిలో ఎంతకు అమ్ముడైందో కనుక్కుంటారు. సొంత కంపెనీ ధర ఎక్కడా రాసి ఉండదు. విలువ కట్టే నిపుణులు వచ్చి లెక్క తేల్చాలి. 1959లో అమెరికా పన్నుల శాఖ ఇచ్చిన 59-60 నంబరు రూలింగ్ వాళ్లకు ఇప్పటికీ ఆధారం. అది వారసత్వ, బహుమతి పన్నుల కోసం పుట్టింది. కంపెనీ చరిత్ర, ఆ రంగం తీరు, సంపాదించే శక్తి, గుడ్‌విల్ (మంచిపేరుకున్న విలువ) అన్నీ చూడమంటుంది.

తగువంతా ఆ సంపాదించే శక్తి దగ్గరే. ఒక ఊహాలెక్క వేద్దాం. పుస్తకాల్లో ఏడాది లాభం 3 లక్షల డాలర్లు. యజమాని తీసుకునే జీతం 60 వేలే, కానీ అదే పనికి బయటివాణ్ణి పెడితే 1 లక్షా 60 వేలు ఇవ్వాలి. లాభంలోంచి లక్ష తీసేయాలి. కారు లీజు, ఇంటిల్లిపాది ఫోన్లు, హైదరాబాద్ టికెట్లు కలిపి 40 వేలు కంపెనీ ఖర్చుగా రాసుకున్నారు. అది వ్యాపారం ఖర్చు కాదు, తిరిగి కలపాలి. ఇక ఆవిడ జీతం లేకుండా చేసిన పనికి మనిషిని పెడితే 50 వేలవుతుంది, అదీ తీసేయాలి. మిగిలేది 1 లక్షా 90 వేలు. దానికి మూడు రెట్లు కడితే కంపెనీ విలువ 5 లక్షల 70 వేలు. పుస్తకాల లాభాన్నే మూడు రెట్లు చేసి ఉంటే 9 లక్షలు.

ఇక్కడే నా మనసు చివుక్కుమంటుంది. ఆవిడ చాకిరీ మొదటిసారి లెక్కలోకి వచ్చేసరికి అది ఖర్చుగా వచ్చి, ఆవిడ వాటానే తగ్గించింది. అయినా ఆ అంకె కాగితం మీద ఉండి తీరాలంటాను. ‘ఆవిడ ఇంట్లో ఖాళీగానే ఉంది’ అన్న మాటకు అదే జవాబు.

గుడ్‌విల్ దగ్గర రాష్ట్రానికో దారి. కాలిఫోర్నియాలో డాక్టరు, లాయరు ప్రాక్టీసుకున్న గుడ్‌విల్ కూడా ఉమ్మడి ఆస్తిలోకి రావచ్చు. టెక్సాస్ సుప్రీంకోర్టు మాత్రం 1972లో నెయిల్ కేసులో, ఒక కంటి డాక్టరు మీద జనానికున్న నమ్మకం ఆయన వెంటే పోతుంది కాబట్టి పంచడానికి వీల్లేదంది. క్లయింట్లు కంపెనీని చూసి వస్తున్నారా, ఆయన ముఖం చూసి వస్తున్నారా అన్నదాని మీద డాలస్‌లో లక్షలు అటూ ఇటూ అవుతాయి.

పెళ్లికి ముందే పెట్టిన కంపెనీ అయితే కాలిఫోర్నియాలో ఇంకో మెలిక. 1909 నాటి పెరేరా కేసులో భర్తది సారా, చుట్టల వ్యాపారం. అతని పాత పెట్టుబడికి 7 శాతం వడ్డీ కట్టి, మిగతా పెరుగుదలను దాంపత్య కాలపు కష్టఫలంగా చూడాలని కోర్టు చెప్పింది.

మన దేశంలో హిందూ వివాహ చట్టం కింద ఇలా ఉమ్మడి ఆస్తిగా లెక్కగట్టి పంచే నియమం లేదు. కంపెనీ ఎవరి పేరున ఉంటే వాళ్లదే. ఇది అన్యాయమని నా అభిప్రాయం. కాకపోతే 25వ సెక్షన్ కింద శాశ్వత భరణం తేల్చేటప్పుడు కోర్టు ఇద్దరి ఆదాయం, ఆస్తి చూస్తుంది. 2020 నవంబరులో రజ్నేష్ వర్సెస్ నేహా తీర్పులో సుప్రీంకోర్టు, భరణం కేసుల్లో ఇద్దరూ ఆస్తులు, అప్పులు అఫిడవిట్‌లో చెప్పి తీరాలంది. నెలకు 30 వేలే జీతమని రాసిచ్చిన యజమానిని, కారు ఈఎంఐ, పిల్లల స్కూలు ఫీజు ఏ ఖాతాలోంచి కడుతున్నావని నిలదీయడానికి దారి అదే. కంపెనీ కార్డు బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ముందు పెడితే, ఏ వరుస దగ్గర ఆగి అడగాలో ఆ పద్దులు రాసిన ఆవిడే లాయరుకు చూపించగలదు.