దీవికి పోయేముందు ఒక లెక్క

హైదరాబాదు నగరానికి పడమటి దిక్కున మాదాపూర్, గచ్చిబౌలి అనే చోట్లు ఉన్నవి. ఒకప్పుడు అక్కడ కనిపించేవి రాళ్ళగుట్టలూ, చెరువులూను. 1998లో సైబర్ టవర్స్ అనే గుండ్రని మేడ తెరిచిన తరువాత ఆ ప్రాంతం రూపమే మారిపోయింది. దానికి హైటెక్ సిటీ అని పేరు వచ్చింది. ఇప్పుడక్కడ అద్దాల మేడలలో లక్షలమంది కంప్యూటర్ల ముందు కూర్చుని పని చేస్తున్నారు. వారిలో మీ అన్నయ్యో, అక్కయ్యో, పిన్నిగారో కూడా ఉండవచ్చును.

ఆ నగరంలో అన్నీ ఉన్నవి గాని సముద్రం మాత్రం లేదు. సముద్రం చూడాలంటే తూర్పుగా సుమారు 300 కిలోమీటర్లు పోవాలి. అందుకేనేమో, నాలుగు రోజులు సెలవు కలిసి వస్తే చాలు, అక్కడి స్నేహితులు ఒకచోట చేరి, "ఏదైనా దీవికి పోయి వద్దామా?" అనుకుంటూ ఉంటారు. చాలామందికి మొదట తోచేవి అండమాన్ దీవులు. శంషాబాదులో విమానం ఎక్కితే రెండున్నర గంటల ప్రయాణం.

పోవడం సులువే. అనుకున్న రోజుకు క్షేమంగా తిరిగి రావడమే అసలు లెక్క. ఆ లెక్క మీరు చెయ్యగలరేమో చూద్దాము.

నలుగురు స్నేహితులకు ఐదు రోజులు సెలవు దొరికింది. మొదటి రోజు ఉదయం వారు అండమాన్ రాజధానిలో దిగుతారు. ఐదవ రోజు మధ్యాహ్నం తిరుగు విమానం. ఆరవ రోజు అందరూ ఆఫీసులో ఉండాలి. వారు కాగితం మీద ఇలా రాసుకున్నారు:

మొదటి రోజు విశ్రాంతి. రెండవ రోజు ఊళ్ళో సెల్యులర్ జైలు. మూడవ రోజు స్వరాజ్ ద్వీపం. నాలుగవ రోజు షహీద్ ద్వీపం. ఐదవ రోజు పొద్దున్నే పడవలో తిరిగి వచ్చి, మధ్యాహ్నం విమానం ఎక్కడం.

చూడడానికి ఎంతో చక్కగా ఉన్నది. కాని ఇందులో ఒక పెద్ద పొరపాటున్నది! అది కనిపెట్టాలంటే ముందు ఆ దీవుల సంగతి కొంచెం తెలియాలి.

బంగాళాఖాతంలో చిన్నవీ పెద్దవీ కలిసి 570కి పైగా అండమాన్, నికోబార్ దీవులున్నవి. వాటిలో మనుషులు నివసించేవి నలభైకి లోపే. రాజధాని పేరు పూర్వం పోర్ట్ బ్లెయిర్. 2024లో దానికి శ్రీ విజయపురం అని పేరు పెట్టారు. స్వాతంత్ర్యం కోసం పోరాడినవారిని ఇంగ్లీషువారు బంధించిన సెల్యులర్ జైలు ఈ ఊళ్ళోనే ఉన్నది. దాని కట్టడం 1906లో పూర్తి అయింది. ఖైదీలు ఒకరి ముఖం ఒకరు చూడకుండా, మనిషికొక గది చొప్పున కట్టారు. నక్షత్రం కొమ్మలలాగా ఏడు వరుసలుండేవి. ఇప్పుడు మూడే మిగిలినవి. అక్కడి బజారులో తెలుగు మాట వినిపిస్తే ఆశ్చర్యపోకండి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవులలో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగే!

స్వరాజ్ ద్వీపాన్ని ఇదివరకు హేవ్‌లాక్ అనేవారు. షహీద్ ద్వీపాన్ని నీల్ అనేవారు. 2018లో ఈ పేర్లు మారినవి. శ్రీ విజయపురం నుంచి అక్కడికి వంతెన లేదు, రైలు లేదు. యాత్రికులు మామూలుగా ఫెర్రీ అనే పెద్ద పడవలో పోతారు. వేగంగా పోయే ఫెర్రీ అయితే స్వరాజ్ ద్వీపానికి సుమారు రెండు గంటలు పడుతుంది.

ఇక సూర్యుడి సంగతి చూడండి. భూమి ఒకసారి తిరగడానికి 24 గంటలు పడుతుంది. అంటే ఒక్కొక్క డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలన్నమాట. హైదరాబాదు ఇంచుమించు 78½ డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉన్నది. శ్రీ విజయపురం 92¾ డిగ్రీల దగ్గర ఉన్నది. తేడా సుమారు 14 డిగ్రీలు. పద్నాలుగు నాలుగులు ఎంత? 56 నిమిషాలు! మన దేశమంతటికీ గడియారం ఒకటే గాని సూర్యుడు మాత్రం అక్కడ దాదాపు గంట ముందు నడుస్తాడు. జనవరి మొదట్లో అక్కడ సాయంత్రం ఐదు దాటిన కొద్దిసేపటికే పొద్దు కుంకుతుంది. నాలుగున్నరకు మెల్లిగా బయలుదేరి సముద్రం చూద్దామంటే, చేరేసరికి చీకటి పడుతుంది. కాబట్టి దీవిలో పెందలాడే లేవాలి.

సముద్రానికి కూడా ఒక గడియారం ఉన్నది. చంద్రుడూ సూర్యుడూ ఆకర్షించడం వల్ల నీరు రోజుకు రెండుసార్లు పోటెక్కుతుంది, రెండుసార్లు తగ్గుతుంది. ఇవే ఆటుపోట్లు. ఒక పోటుకూ మరొక పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. కనుక ఈ రోజు ఉదయం ఆరింటికి ఆటు వస్తే, రేపు ఉదయం అది ఇంచుమించు ఆరూ యాభైకి వస్తుంది. షహీద్ ద్వీపంలో రాయి తొలిచినట్టు ప్రకృతే కట్టిన వంతెన ఒకటున్నది. నీరు తగ్గినప్పుడే దాని దగ్గరికి నడిచిపోవచ్చును. ఆటు వేళ తెలుసుకోకుండా పోయినవారు ఉసూరుమంటూ తిరిగి రావలసిందే.

అన్నిటికంటె ముఖ్యమైనది వాతావరణం. నైరుతి ఋతుపవనం కేరళను తాకడానికి ముందే, మే మూడవ వారం ప్రాంతంలో, అండమాన్‌ను చేరుకుంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుపానుల భయం ఉంటుంది. జనవరి నుంచి ఏప్రిల్ వరకు సముద్రం సాధారణంగా శాంతంగా ఉంటుంది. 2016 డిసెంబరులో ఏం జరిగిందో వినండి. తరువాత వర్దా తుపానుగా మారిన వాయుగుండం అండమాన్ మీదికి వచ్చింది. ఫెర్రీలు ఆగిపోయినవి. స్వరాజ్, షహీద్ ద్వీపాలలో వెయ్యిమందికి పైగా యాత్రికులు చిక్కుపడిపోయారు. చివరికి మన నౌకాదళం ఓడలు పోయి వారిని క్షేమంగా తీసుకువచ్చినవి.

ఇప్పుడు పొరపాటు తెలిసిందా? తెలియకేం! ఆ నలుగురూ సముద్రం దాటడాన్ని చివరి రోజుకు అట్టే పెట్టారు. ఆ ఉదయం గాలి వీచి ఫెర్రీ ఆగిపోతే విమానం వారికోసం ఆగుతుందా?

అందుచేత పట్టికను ఇలా తిరగ రాయాలి. మొదటి రోజు మధ్యాహ్నమే జైలు చూసెయ్యాలి. రెండవ రోజు ఉదయం స్వరాజ్ ద్వీపం, మూడవ రోజు షహీద్ ద్వీపం. నాలుగవ రోజు మధ్యాహ్నానికి శ్రీ విజయపురం తిరిగి చేరి, చివరి రాత్రి అక్కడే ఉండాలి. నాలుగవ రోజు ఫెర్రీ నడవకపోయినా, ఐదవ రోజు ఉదయం మరొకటి దొరకవచ్చును. చూసే చోట్లు అవే, రోజులూ అవే. వరుస మార్చినందువల్ల ఒక పూట చేతిలో మిగిలింది. ఆ మిగులే వారికి రక్ష. రెండు రోజులూ సముద్రం శాంతించకపోతే? అప్పుడు సెలవు ఇంకొక రోజు అడగాలి గాని, చిన్న పడవవాణ్ణి బతిమాలి బయలుదేరకూడదు.

స్నేహితుల మధ్య వేసుకోవలసిన లెక్క మరొకటున్నది. నలుగురిలో ఒకరికి ఖర్చుకు ఎక్కువ డబ్బు ఉండవచ్చును, ఒకరు ఇంటికి డబ్బు పంపవలసినవారు కావచ్చును. ఖర్చు ఎంతో ముందే మాట్లాడుకుని, తక్కువ పెట్టగలిగినవారికి తగినట్టుగా బస ఏర్పాటు చేసుకోవాలి. ఈత రానివారు ఆ మాట పైకి చెప్పాలి. అది విని మిగిలినవారు నవ్వకూడదు. సిగ్గుపడి లోతుకు దిగితే ప్రాణం మీదికి వస్తుంది. మడ అడవుల కాలవల దగ్గర ఉప్పునీటి మొసళ్ళు కూడా ఉంటవి. కనుక తీరాన ఉన్న హెచ్చరిక పలక చదవకుండా ఎవరూ నీళ్ళలో అడుగు పెట్టరాదు.

ఇంకొక మాట. నీటి అడుగున కనిపించే పగడపు దిబ్బలు వట్టి రాళ్ళు కావు. అతి చిన్న జీవులు ఎన్నో ఏళ్ళపాటు కట్టుకున్న ఇళ్ళు. ఒక్క కాలు మోపితే అవి విరిగిపోతవి. పగడపు ముక్క తీసుకురావడం చట్టరీత్యా నేరం కూడాను. ఆ దీవుల అడవులలో జారవా మొదలైన ప్రాచీన జాతులవారు తమ పద్ధతిలో తాము బతుకుతున్నారు. వారి ఫోటోలు తియ్యడం కూడా నేరమే.

2020లో మద్రాసు నుంచి అండమాన్‌కు సముద్రం అడుగున 2,300 కిలోమీటర్ల తీగ వేశారు. అప్పటినుంచి అక్కడ కూడా ఇంటర్నెట్టు చక్కగా అందుతున్నది. కనుక ఆఫీసు పని దీవి దాకా వెంట పడగలదు. ఆ పెట్టె మూసి పెట్టుకోవడం ఎవరి చేతిలో వారికి ఉన్నది!

పిల్లలూ! ఈసారి మీ ఇంట్లో పెద్దలు స్నేహితులతో దీవికి ప్రయాణం కడుతుంటే, వారి పట్టిక ఒకసారి తీసి చూడండి. "ఆఖరి రాత్రి మీరు ఏ ఒడ్డున ఉంటారు?" అని అడగండి. వారు తడుముకున్నారంటే, పెన్సిలు తీసుకుని వరుస మీరే సరిచేసి ఇవ్వండి.