యమన్ కొండ ఊళ్ళు, ఇంటి వంట

యమన్ వంట అనగానే నేడు మనవారిలో చాలమందికి స్ఫురించేది ‘మండి’ ఒక్కటే. పెద్ద పళ్ళెం నిండా అన్నం, దానిపై మాంసం. హైదరాబాదులోని బార్కస్ ద్వారా మనకు పరిచయమైన ఈ వంటకం పాలమూరు పట్టణాలకు కూడ చేరింది. కాని యమన్ పర్వత గ్రామాలలో ఇల్లాలు దినదినం వండేది ఇది కాదు. ఆమె పొయ్యిమీద ఉడికేది జొన్నపిండి. పక్కన మెంతులు, నూరిన పచ్చడి. బిజినేపల్లి ప్రాంతపు రైతు కుటుంబాలకు ఇవి తరతరాలుగా తెలిసినవే.

మనకు చేరిన వంటకాలు

నిజాముల కాలంలో దక్షిణ అరేబియాలోని హద్రమౌత్ నుండి అనేకులు హైదరాబాదు వచ్చి సైన్యంలో చేరారు. వారి బ్యారక్సే నేటి బార్కస్. జమేదారుగా ఎదిగిన ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ సంతతివారు హద్రమౌత్‌లోని ముకల్లాను 1967 వరకు పాలించారు. ఆ అరబ్బు కుటుంబాల ‘హరీస్’ గోధుమ, మాంసం, నెయ్యి, ఉప్పులతో చేసే సాదా వంట. దానికి హైదరాబాదు మసాలాలు చేరి హలీం అయింది. హైదరాబాదు హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది.

మండి కూడ హద్రమౌత్‌దే. అరబీలో సరియైన ఉచ్చారణ ‘మందీ’. ‘నదా’, అనగా మంచు తడి, అనే మాటనుండి వచ్చిన పేరు. నేలలోని పొయ్యిలో బియ్యంపైన మాంసాన్ని వ్రేలాడదీస్తే దాని రసం అన్నంలోకి దిగుతుంది. ఇది పండుగలకు, అతిథులకు వండేది. పడమటి కొండలలోని దైనందిన జీవితం వేరు.

కొండ, చేను, ఇల్లు

సనా నగరానికి పశ్చిమాన హరాజ్ పర్వతాలున్నాయి. అరేబియా ద్వీపకల్పంలో అత్యున్నతమైన నబీ షుఐబ్ పర్వతం (సుమారు 3,666 మీటర్లు) కూడ ఈ దిక్కుననే ఉన్నది. ఇక్కడ సాగుకు పనికివచ్చే మట్టి బహు స్వల్పం. అందుకే కొండవాలును మెట్లు మెట్లుగా మలచి, ప్రతి మెట్టుకు రాతిగట్టు కట్టి, వానకు మట్టి కొట్టుకొనిపోకుండ నిలిపారు. పైమడి నిండిన నీరు క్రిందిమడికి దిగుతుంది. మట్టి ఉన్నచోట చేను, బండ ఉన్నచోట ఇల్లు. ఇదే ఆ గ్రామాల నిర్మాణ సూత్రం.

మనాఖా సమీపాన ఉన్న అల్ హజ్జరా గ్రామంలో ఇండ్ల వెలుపలి గోడలే కోటగోడగా నిలిచాయి. కౌకబాన్ గ్రామం కొండపైన ఉంటే, దాని క్రింద సంత జరిగే షిబాం ఊరున్నది. ఆపదవేళ క్రిందివారు పైకి వెళ్ళి తలదాచుకొనేవారు. ఇంటి అడుగు అంతస్తు పశువులకు, ధాన్యానికి. వంటిల్లు పై అంతస్తులలో. అన్నిటికంటె పైన ‘మఫ్రజ్’ అనే కూర్చునే గది.

ఏమి వండుతారు

‘అసీద్’ అనేది మన జొన్న గట్కకు సోదరి. మరిగే నీటిలో పిండి పోస్తూ కర్రతో గట్టిపడేదాక త్రిప్పుతారు. ఆ పేరుకు మూలమైన అరబీ ధాతువుకు మెలిత్రిప్పుట అని అర్థం. ముద్దను పళ్ళెంలో పెట్టి, నడుమ గుంట చేసి మాంసరసం పోస్తారు.

మధ్యాహ్న భోజనానికి ‘సల్తా’ ప్రసిద్ధం. మెంతిపిండిని కొన్ని గంటలు నానబెట్టి, పైనీరు వంచితే చేదు తగ్గుతుంది. దానిని తెల్లని నురుగు వచ్చేదాక గిలకొడతారు. ఇదే ‘హుల్బా’. రాతిగిన్నెలో కుతకుత ఉడికే రసంపై ఈ నురుగు, టమాట-మిరపకాయల ‘సహావిఖ్’ పచ్చడి వేసి, రొట్టెతో అందుకొని తింటారు. మాంసం కొద్దిగా ఉన్నా, అసలే లేకున్నా పూట గడుస్తుంది.

పులియబెట్టిన పిండితో దోసెవంటి ‘లహూహ్’ పోస్తారు. దానిని మజ్జిగలో నానబెట్టిన ‘షఫూత్’ రంజాన్ ఇఫ్తార్‌కు ప్రీతికరం. కాఫీగింజలు అమ్మకానికి పోగా మిగిలిన పొట్టును అల్లంతో కాచి ‘ఖిష్ర్’గా త్రాగుతారు. ఆ వంటింట్లో ఏదీ వ్యర్థం కాదు.

నేటి స్థితి

1970ల నుండి పురుషులు సౌదీ అరేబియాకు పనికి పోవడం, చౌకగా విదేశీ గోధుమ రావడం, ఖాత్ తోటలు పెరగడంతో జొన్నసాగు తగ్గింది. కట్టలు బాగుచేసే చేతులు లేక మెట్లు కూలసాగాయి. 2014లో సనా హూతీల వశమైంది. 2015లో యుద్ధం తీవ్రమైంది. ఆ సంవత్సరమే సనా పాతనగరాన్ని, హద్రమౌత్‌లోని షిబాం నగరాన్ని యునెస్కో ప్రమాదంలోని వారసత్వ సంపదల పట్టికలో చేర్చింది. దిగుమతి గోధుమపై ఆధారపడిన దేశంలో ఓడరేవులు స్తంభిస్తే ఆకలి ఎంత శీఘ్రంగా వ్యాపిస్తుందో ప్రపంచం చూచింది.

దివ్య ఖుర్ఆన్‌లోని ‘సబా’ అధ్యాయం ఈ యమన్ గడ్డనే ప్రస్తావిస్తుంది. కుడి ఎడమల ఉద్యానవనాలు కలిగిన జాతి కృతఘ్నత చూపగా, వరద ఆ సంపదను తుడిచివేసింది. నేడు వారి పేరిట పెద్ద పళ్ళెం ముందు కూర్చునే మనం సగం అన్నం విడిచి లేస్తే, అది ఆ ప్రజల సంప్రదాయం కానేకాదు. ఒకే పళ్ళెం చుట్టూ కలిసి తినడం, మెతుకు పారవేయకపోవడం వారి ఇంటి మర్యాద. “తినండి, త్రాగండి, మితిమీరకండి” అన్న దైవాజ్ఞ మనకూ అదే నేర్పుతున్నది. యమన్ నుండి మనం తెచ్చుకోదగినది ఈ మర్యాదయే. జొన్నలు, మెంతులు మన యిళ్ళలో ఎలాగూ ఉన్నాయి.