దారం తెగిందా? టెన్షన్ నట్టు జోలికి అప్పుడే వెళ్లొద్దు

రాజమహేంద్రవరం తాడితోట మార్కెట్లో చీర కొన్నాక తర్వాతి మజిలీ జాకెట్టు వర్క్. శ్రావణమాసం, పెళ్లి ముహూర్తాలు దగ్గరపడితే కంప్యూటర్ ఎంబ్రాయిడరీ షాపుల్లో మెషిన్లకు రాత్రి కూడా పనే. అలాంటి చోట ఆపరేటర్ ఉద్యోగానికి వెళితే మీ సర్టిఫికెట్ ఎవరూ చదవకపోవచ్చు. దారం తెగి ఆగిన మెషిన్ ముందు నిలబెట్టి ‘ఇప్పుడేం చేస్తావ్?’ అని అడుగుతారు. మీ ఇంటర్వ్యూ అదే!

ఆ ప్రశ్న ఎందుకో చిన్న లెక్క వేసుకోండి. 60,000 కుట్ల డిజైన్‌ను నిమిషానికి 800 కుట్ల వేగంతో కుడితే 75 నిమిషాలు. మధ్యలో 20 సార్లు దారం తెగి, తెగినప్పుడల్లా 2 నిమిషాలు పోయాయనుకుందాం. ఇంకో 40 నిమిషాలు గల్లంతు. మల్టీ హెడ్ మెషిన్ అయితే మరీ కష్టం. ఒక్క హెడ్‌లో తెగినా మిగతావన్నీ దానికోసం ఆగాల్సిందే.

కొత్తవాళ్లు వెంటనే చేసే పని టెన్షన్ నట్టు తిప్పడం. అసలు తప్పు సూదిలో ఉంటే, ఇప్పుడు టెన్షన్ కూడా చెడుతుంది. ఒక సమస్య కాస్తా రెండవుతుంది. అందుకే ముందు చూడాల్సింది ఎక్కడ తెగుతోందని.

ఎప్పుడూ 4వ నంబరు సూది దగ్గరేనా? అయితే 5వ సూది కండెను తెచ్చి 4వ దానికి ఎక్కించి చూడండి. తెగడం ఆగిందంటే తప్పు పాత కండెది. అప్పటికీ 4 దగ్గరే తెగుతుంటే ఆ సూది, దారం వెళ్లే దారి, దాని టెన్షన్ చూడాలి. ఒక హెడ్‌లో ఏ సూదితో కుట్టినా తెగుతోందా? సూదులన్నింటికీ ఉమ్మడిగా ఉండేవి కింది హుక్, బాబిన్, ప్లేటు రంధ్రం. అనుమానం వాటి మీదే. డిజైన్‌లో ఒకే పువ్వు దగ్గర ప్రతిసారీ తెగుతుంటే మెషిన్‌ను తిట్టకండి. పంచింగ్‌లో కుట్టు మీద కుట్టు దట్టంగా పడి ఉంటుంది, లేదా మరీ చిన్న కుట్లు ఉంటాయి. ఆ ఫైలు చేసినవారికే తిప్పి పంపాలి.

ఇక తెగిన కొసను వేళ్లతో పట్టుకుని చూడండి. పీచు పీచుగా రేగి ఉందా? సూది కంట్లోనో, దారిలోనో ఎక్కడో గరుకుగా ఒరుసుకుంటోంది. కత్తిరించినట్టు నున్నగా ఉందా? బిగువు ఎక్కువైంది, లేదా ఏదో పదునైన అంచు తగులుతోంది. సూది మార్చడం అన్నింటికన్నా చవకైన మందు కాబట్టి మొదట అదే చేయండి. పొడవాటి గాడి మీ వైపు, కన్ను పైనున్న పల్లం వెనక్కి ఉండాలి. పూర్తిగా పైకి తోసి బిగించాలి. సూది కొంచెం పక్కకు తిరిగినా దారం తెగడానికి చాలు.

టెన్షన్ వంతు ఆ తర్వాత. శాటిన్ కుట్టును తిరగేసి చూస్తే, మధ్యలో దాదాపు మూడో వంతు వెడల్పున బాబిన్ దారం కనిపించాలి. అసలు కనిపించకపోతే పై దారం మరీ వదులుగా ఉందనో, కింది దారం మరీ బిగుతుగా ఉందనో అర్థం. నరసాపురం లేసుకు 2024లో జీఐ గుర్తింపు వచ్చింది కదా, అక్కడ కొక్కెం సూదితో అల్లే మహిళల వేళ్లే ఈ బిగువు చూసుకుంటాయి. మెషిన్‌పై ఆ పని స్ప్రింగుకూ నట్టుకూ అప్పగించాం. వాటికి చెప్పాల్సింది మీరే.

జరీ దారం దారే వేరు. మామూలు వేగంతో పరిగెత్తిస్తే మొరాయిస్తుంది. వేగం 500–600కు తగ్గించి, కన్ను పెద్దగా ఉండే 90/14 సూది వేయండి. కండెను మెషిన్‌కు కాస్త దూరంగా పెడితే మెలికలు విడిపోతాయి. రేయాన్ దారానికి మరో బలహీనత ఉంది. తడి తగిలితే దాని బలం బాగా తగ్గుతుంది. గోదావరి జిల్లాల వానాకాలం తేమలో కండెల్ని కిటికీ పక్కన ఆరుబయట వదిలేయకుండా మూత ఉన్న డబ్బాలో పెట్టుకోండి.

ఒక్కోసారి దారం తెగకుండానే మెషిన్ ‘తెగింది’ అని ఆగిపోతుంది. అప్పుడు చెక్ స్ప్రింగ్ మీద దారం సరిగ్గా పడిందా, సెన్సర్ దగ్గర నూగు చేరిందా చూడాలి. హుక్‌కు నూనె చుక్క వేశాక మాత్రం ముందు చెత్త గుడ్డ మీద కాసేపు కుట్టించండి. పట్టు జాకెట్టు మీద నూనె మరక పడితే జరిగే గొడవ ముందు దారం తెగడం ఎంత! హుక్ టైమింగ్ జోలికి మాత్రం సొంతంగా వెళ్లొద్దు. మెకానిక్ వచ్చినప్పుడు పక్కన నిలబడి చూసి నేర్చుకోండి.

ఈ పని పద్ధతిగా నేర్చుకోవాలంటే ఐటీఐల్లో ‘సర్ఫేస్ ఆర్నమెంటేషన్ టెక్నిక్స్ – ఎంబ్రాయిడరీ’ అనే ఏడాది ట్రేడ్ ఉంది. ప్రైవేటు శిక్షణ కేంద్రమైనా సరే, ఫీజు కట్టే ముందు ల్యాబ్‌లోకి వెళ్లి చూడండి. అక్కడ మల్టీ నీడిల్ కంప్యూటర్ మెషిన్ ఉందా, ఉంటే విద్యార్థుల చేతికి ఇస్తారా, లేక దూరం నుంచి చూపిస్తారా అని పాత బ్యాచ్ వాళ్లనే అడగండి.