కీట్సు లేఖలు – పరిష్కర్త బాధ్యత

కవి లేఖలను ప్రకటించుట ఆతని కావ్యములను ప్రకటించుట వంటిది కాదు. కావ్యము లోకము కొరకు పుట్టినది. లేఖ ఒక్కరి కొరకు పుట్టినది. కావ్యమును కవియే దిద్ది అచ్చున కిచ్చును. లేఖ అచ్చగునాటికి దిద్దుటకు ఆతడుండడు. కావున పరిష్కర్త ఏమి చేర్చినను, ఏమి విడిచినను, కవి నోట తన మాట పెట్టినట్లే యగును. ఆంగ్లకవి జాన్ కీట్సు లేఖల చరిత్ర ఇందుకు చక్కని నిదర్శనము.

కీట్సు 1795లో లండనులో జన్మించి, 1821లో రోము నగరమున క్షయవ్యాధితో మరణించెను. ఇరువదియైదేండ్ల జీవితములో ఆతడు ప్రకటించినవి మూడు కవితా సంపుటములు మాత్రమే. కాని తోబుట్టువులకు, మిత్రులకు ఆతడు వ్రాసిన జాబులు కవితాతత్త్వ గ్రంథములతో సమానముగా నేడు పఠింపబడుచున్నవి.

అందు మిక్కిలి ప్రసిద్ధమైనది సోదరులు జార్జి, టామ్‌లకు వ్రాసిన జాబు. నిశ్చయము కొరకు తొందరపడక సందేహములో నిలువగల శక్తి మహాకవికి ఉండునని అందు చెప్పి, దానికి ‘నెగెటివ్ కేపబిలిటీ’ అని పేరు పెట్టెను. ఆ పేరు ఆతని వ్రాతలలో మరెక్కడను కానరాదు. చిత్రమేమనగా, ఆ జాబు మూలప్రతి నేడు లభ్యము కాదు.

జార్జి 1818లో అమెరికాకు వలసపోయి, కెంటకీ రాష్ట్రమందలి లూయివిల్‌లో స్థిరపడెను. 1841లో ఆతడు మరణించిన పిమ్మట ఆతని భార్య జార్జియానా జాన్ జెఫ్రీ అను నాతనిని వివాహమాడెను. కీట్సు చరిత్ర వ్రాయబూనిన రిచర్డ్ మాంక్‌టన్ మిల్నెస్ కొరకు జెఫ్రీ 1845లో జాబులకు నకళ్లు వ్రాసి పంపెను. మిల్నెస్ గ్రంథము 1848లో వెలువడెను. తరువాత, మూలములు మిగిలిన జాబులతో ఆ నకళ్లను సరిపోల్చగా, జెఫ్రీ పలుచోట్ల పంక్తులను విడిచెననియు, మాటలను మార్చెననియు, ఆ సంగతి తెలుపు గురుతైనను ఉంచలేదనియు తేలినది. ఆ ప్రసిద్ధమైన జాబునకు ఇట్టివాని నకలే మనకు దిక్కు!

హార్వర్డ్ ఆచార్యుడు హైడర్ ఎడ్వర్డ్ రోలిన్స్ పరిష్కరించిన కీట్సు లేఖలు 1958లో రెండు సంపుటములుగా వెలువడినవి. కీట్సు వర్ణక్రమ దోషములను ఆతడు చాలవరకు ఉన్నవి ఉన్నట్లే నిలిపెను. ఇక ఈ జాబు సంగతి. నకలులో ‘ఆదివారము, 1818 డిసెంబరు 22’ అని కలదు. ఆనాడు ఆదివారము కాదు, మంగళవారము. పైగా టామ్ ఆ నెల 1వ తేదీననే కన్నుమూసెను. జార్జి సముద్రమున కావల నుండెను. జాబులో నటుడు ఎడ్మండ్ కీన్ మరల రంగస్థల మెక్కుటయు, ప్రచురణకర్త విలియమ్ హోన్‌పై జరిగిన విచారణయు ప్రస్తావింపబడినవి. ఇవి రెండును 1817 డిసెంబరు నాటి సంగతులు. ఆ సంవత్సరము 21వ తేదీ ఆదివారము. కాని ప్రసిద్ధమైన ఆ మాటకు ముందే క్రిస్మస్ వినోదప్రదర్శన చూచివచ్చిన ముచ్చట యున్నది. అనగా ఆ భాగము పండుగ గడచిన పిమ్మట వ్రాసినదై యుండవలెను. రోలిన్స్ ‘21, 27(?)’ అని ముద్రించెను.

ఆ ప్రశ్నార్థకమే పరిష్కర్త నిజాయితీకి గుర్తు. దానిని తొలగించిన పుట అందముగా నుండెడిది. పాఠకుడు మాత్రము మోసపోయెడివాడు. సందేహములో నిలువగల శక్తి కవికే కాదు, కవి లేఖలను పరిష్కరించువానికిని కావలెను.

ఇది తెలుగువారికి పరాయి ముచ్చట కాదు. గురజాడ అప్పారావుగారి (1862–1915) లేఖలలోను, దినచర్యలలోను పెక్కు ఆంగ్లమున వ్రాయబడినవి. అవసరాల సూర్యారావుగారి అనువాదము వలన అవి తెలుగు పాఠకులకు చేరువైనవి. ఆ మేలు మరువరానిది. అయినను గురజాడవారు ఏ మాట వాడిరో తెలియగోరువాడు మూలమును చూడక తప్పదు. నకలును నకలనియు, అనువాదమును అనువాదమనియు, ఊహను ఊహయనియు చెప్పినపుడే పాఠకునికి కవి మాట ఏదో, ఇతరుల మాట ఏదో తెలియును.