ఎడారిలో వెలిగిన దీపం

లోకాన్ని విడిచినవాడికి లోకంతో పనేమిటి? ఈ ప్రశ్నకు ఈజిప్టు ఎడారిలో తపస్సు చేసిన ఆంథోని అనే క్రైస్తవ సాధువు జీవితంలో సమాధానం దొరుకుతుంది.

మూడో శతాబ్దం మధ్యకాలంలో సంపన్న గృహంలో జన్మించారాయన. యౌవనారంభంలోనే తల్లిదండ్రులు గతించారు. చెల్లెలి భారం తనపై పడింది. ఒకనాడు ప్రార్థనా మందిరంలో సువార్త పఠనం విన్నారు. ఉన్నదంతా అమ్మి పేదలకు పంచి తన వెంట రమ్మని ఓ ధనికుడికి క్రీస్తు బోధించిన ఘట్టమది. ఆ మాట తనకే చెప్పినట్లు తోచింది. పొలాలను ఊరివారికి ఇచ్చివేశారు. చెల్లెలిని భక్తురాండ్రైన కన్యల సంరక్షణలో ఉంచారు. చేతిపనితో పొట్టపోసుకుంటూ, మిగిలినది పేదలకు ఇచ్చేవారు.

ఆపై పాడుబడిన కోటలో ఇరవై ఏళ్లు ఒంటరిగా గడిపారు. చివరికి మిత్రులు తలుపు పగలగొట్టారు. చిక్కి శల్యమై ఉంటారనుకున్న వారికి ప్రశాంత వదనంతో, పూర్వపు దేహపుష్టితోనే దర్శనమిచ్చారు.

311లో క్రైస్తవులపై హింస చెలరేగింది. ఆంథోని ఏకాంతాన్ని వీడి అలెగ్జాండ్రియా వెళ్లారు. చెరసాలల్లో, గనుల్లో మగ్గుతున్నవారికి బహిరంగంగా సేవ చేశారు. ఉపద్రవం శాంతించాక మరల ఎడారికి చేరుకున్నారు.

356లో దేహం చాలించారు. తన శరీరానికి పూజలు జరగరాదని, సమాధిస్థలం ఎవరికీ తెలియనీయవద్దని శిష్యులను ఆదేశించారు. ఎర్రసముద్రానికి చేరువలో, ఆ కొండ చెంత ఆయన పేరిట వెలసిన మఠంలో నేటికీ సన్యాసులు ఉన్నారు.

ధనాన్ని విడవడం కష్టం. కీర్తిని విడవడం ఇంకా కష్టం. రెంటినీ విడిచిన ఆంథోని, ఆర్తుల పిలుపును మాత్రం విడవలేదు. గృహస్థులకు ఎడారి సాధ్యపడకపోవచ్చు. రోజులో కొంతసేపు ఏకాంతంలో కూర్చుని, మరింత దయతో మనుషుల మధ్యకు రాగలిగితే ఆ ఏకాంతం సార్థకమైనట్లే!